పిట్ట కాలికి కట్టిన చీటీ

కలివికోడి (జెర్డాన్స్ కోర్సర్) చాలా అరుదైన పక్షి. శాస్త్రానికి తెలిసిన దాని గుడ్డు ఒకే ఒక్కటి ఉంది. అది ఉన్నది స్కాట్లాండ్‌లో, అబర్డీన్ యూనివర్సిటీ జంతుశాస్త్ర మ్యూజియంలో. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసే పశువైద్యుడొకరు దాన్ని సేకరించారు. తర్వాత అది చేతులు మారింది, సముద్రం దాటింది, వేరే పక్షుల గుడ్లతో కలిసి ఒక సొరుగులోకి చేరింది. అది నిజంగా కలివికోడిదేనా అని తేల్చడానికి గుడ్డు నుంచి కాస్త డీఎన్ఏ తీసి, ఇంగ్లండ్‌లో మరో మ్యూజియం భద్రపరిచిన పాత కలివికోడి చర్మం తాలూకు డీఎన్ఏతో పోల్చారు. రెండూ కలిశాయి. 2013లో ఆ సంగతి ప్రచురించారు.

ఇందులో అందరికీ గుర్తుండేది డీఎన్ఏ పరీక్ష. నాకు మాత్రం అంతకుముందు గడిచిన తొంభై ఏళ్ల పైచిలుకే అసలు కథ అనిపిస్తుంది. అన్నేళ్లూ ఆ గుడ్డు పగల్లేదు. ఎక్కడిదో, ఎవరు తెచ్చారో చెప్పే ఆధారం పోలేదు. పోల్చి చూడటానికి కావలసిన చర్మం ఇంకో ఊళ్లో పురుగు పట్టకుండా ఉంది. ఎప్పుడు ఎవరు అడుగుతారో, అసలు అడుగుతారో లేదో తెలియని వస్తువుని ఇలా కనిపెట్టుకుని ఉండటమే నేచురల్ హిస్టరీ మ్యూజియంలో క్యూరేటర్ చేసే పని. బయటివాళ్లకు కనిపించేది డైనోసార్ అస్థిపంజరం, గాజు కళ్ల పులి.

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో సుమారు 8 కోట్ల నమూనాలున్నాయి. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి దగ్గర 14 కోట్లు దాటాయి. వీటిలో సందర్శకుల కంటబడేది ఒక శాతం కూడా లేదు. మిగతావన్నీ బీరువాల్లో, సీసాల్లో, అట్టపెట్టెల్లో, ఫ్రీజర్లలో ఉంటాయి. ఇంత సరుకు దేనికి, ఒక్కో జాతికి రెండేసి ఉంచుకుని మిగతావి వదిలించుకోవచ్చు కదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బడ్జెట్ కాగితాల మీద సంతకాలు పెట్టేవాళ్లలో మరీనూ. జవాబు చెప్పాలంటే ముందు నమూనా అనేదాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

ఒక పెంకు పురుగుని తీసుకుందాం. సన్నని సూది దాని కుడివైపు రెక్కపెంకులోంచి దిగి ఉంటుంది. నడిమధ్యలో గుచ్చరు, ఎడమ సగమైనా చెక్కుచెదరకుండా ఉండాలని. పురుగు కింద అదే సూదికి గోరంత కాగితం ముక్కలు ఒకదాని కింద ఒకటి గుచ్చి ఉంటాయి. మొదటిదాని మీద దొరికిన చోటు, తేదీ, పట్టినవాళ్ల పేరు. దాని కింద, ఇది ఫలానా జాతి అని తేల్చినవాళ్ల పేరు, తేల్చిన ఏడు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఇంకొకరు వచ్చి ఇది ఆ జాతి కాదని తేల్చినా పాత చీటీ తీసేయరు, కొత్తది కింద చేరుస్తారు. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో, ఎక్కడ పొరబడ్డారో అంతా ఆ సూదికే ఉంటుంది. పక్షులకైతే చర్మం ఒలిచి, లోపల దూది కూరి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లకు చీటీ కడతారు. చేపలూ కప్పలూ స్పిరిట్‌లో ఉంటాయి కాబట్టి వాటి చీటీ కూడా సీసాలోనే మునిగి ఉండాలి. బయట అంటించింది ఎప్పుడో ఒకనాడు ఊడిపోతుంది. అందుకని ఆల్కహాల్‌లో కరగని సిరా వాడతారు, లేదా పెన్సిల్. మామూలు బాల్‌పెన్నుతో రాస్తే కొన్నాళ్లకు సీసాలో ఖాళీ కాగితం మిగులుతుంది.

ఆ చీటీ పోయిందంటే నమూనా విలువలో చాలాభాగం పోయినట్టే. ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో, లండన్ మ్యూజియం వారి పక్షుల సేకరణ ఉన్న భవనంలో, 2009లో 299 పక్షి చర్మాలు దొంగతనానికి గురయ్యాయి. ఎత్తుకెళ్లిన కుర్రాడికి సాల్మన్ చేపల కోసం పాతకాలపు పద్ధతిలో ఈకల ఎరలు కట్టే పిచ్చి ఉంది. అలాంటి ఈకలకు ఆ హాబీ ఉన్నవాళ్లలో మంచి ధర పలుకుతుంది. పోయినవాటిలో పరిణామ సిద్ధాంతకర్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ సేకరించినవి కూడా ఉన్నాయి. పోలీసులు చాలానే రాబట్టారు. అయితే చీటీతో సహా తిరిగొచ్చినవి మూడో వంతు మాత్రమే. మిగిలినవి ఏ దీవిలో, ఏ సంవత్సరంలో పట్టుకున్నవో చెప్పలేని ఈకల మూటలయ్యాయి.

చీటీ పోవడం కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది: చీటీ అబద్ధం చెప్పడం. రిచర్డ్ మైనర్ట్స్‌హాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఇరవయ్యో శతాబ్దంలో పేరుమోసిన పక్షి నిపుణుడు. వేలకొద్దీ పక్షి చర్మాలను మ్యూజియానికి ఇచ్చిన దాత. ఆయన పోయిన పాతికేళ్ల తర్వాత, 1993లో, అలన్ నాక్స్ ఆ సేకరణలో మోసం ఉందని చూపించారు. కలివికోడి గుడ్డు మీద పరిశోధన చేసినవారిలో ఒకరు కూడా ఈ నాక్సే. తర్వాత అమెరికన్ శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్, తన సహచరులతో కలిసి, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒక్కోటీ బయటపెట్టారు. ఆ పెద్దమనిషి ఇతరుల నమూనాలను మ్యూజియం నుంచే దొంగిలించి, కొన్నింటిని విప్పి మళ్లీ కూరి, కొత్త చీటీలు కట్టి, ఈ చోటులో ఈ తేదీన నేనే పట్టానని రాసి, తిరిగి మ్యూజియానికే ఇచ్చారు! ఎక్స్‌రేలు తీసి, లోపలి దూదిని, కుట్లను పరిశీలించి ఎవరి చేతిపనో పోల్చుకున్నారు. చర్మం కుట్టే తీరు చేతిరాత లాంటిది, మనిషి మనిషికీ మారుతుంది.

దీనివల్ల ఎవరికి నష్టం అనుకోవచ్చు. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ మధ్య భారతంలో 1884 తర్వాత ఎవరికీ దొరకలేదు. మైనర్ట్స్‌హాగెన్ ఒక్కరే 1914లో గుజరాత్‌లో పట్టానని చెప్పుకున్నారు. అది నిజానికి 1880ల్లో వేరొకరు సేకరించిన పక్షి, దొంగ చీటీతో ఉంది. రాస్ముసెన్, ఇద్దరు సహచరులు ఆ చీటీని లెక్కలోంచి తీసేసి, మిగతా నిజమైన చీటీల్లో ఉన్న చోట్లనే వెతికారు. 1997 నవంబర్‌లో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ కనిపించింది. నూట పదమూడేళ్ల తర్వాత! మ్యూజియంలో కూర్చుని చీటీలు సరిచూడటం అడవిలో పక్షిని వెతకడంలో సగం పని అయింది.

ఈ చీటీలన్నిటిలోకీ ఎర్రవాటికి మర్యాద ఎక్కువ. చాలా మ్యూజియాల్లో టైపు నమూనాలకు ఎర్ర చీటీ పెట్టే అలవాటుంది. కొత్త జాతిని ప్రకటించేటప్పుడు శాస్త్రవేత్త ఒక నమూనాను చూపించి, ఈ పేరు దీనికి కట్టుబడి ఉంటుందని చెప్పాలి. దాన్నే హోలోటైపు అంటారు. అది ఆ జాతిలో అందమైనదో, సగటుదో కానక్కర్లేదు. కాలు విరిగినా, పిల్లదైనా ఫర్వాలేదు. అవసరం ఎప్పుడొస్తుందంటే, ఒకే జాతి అనుకున్నది రెండని తేలినప్పుడు. పాత పేరు ఎవరికి దక్కాలి, కొత్త పేరు ఎవరికి పెట్టాలి? హోలోటైపు ఏ వైపు చేరితే పాత పేరు వాళ్లది. జంతువుల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఉంది, 1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ ప్రచురించిన పుస్తకం నుంచి లెక్క మొదలవుతుంది. ఆ లెక్కల్లో వచ్చే తగాదాలకు సాక్ష్యం క్యూరేటర్ సొరుగులో ఉంటుంది. 2018 సెప్టెంబర్ 2 రాత్రి రియోలోని బ్రెజిల్ నేషనల్ మ్యూజియం తగలబడుతుంటే, లోపలికి పరుగెత్తిన ఉద్యోగులు నత్తగుల్లల టైపులున్న సొరుగులను బయటికి లాగడం ఊరికే కాదు. ఆ రాత్రి దాదాపు 2 కోట్ల వస్తువులున్న సేకరణలో ఎక్కువ భాగం బూడిదైంది. సూదులకు గుచ్చిన పురుగులే యాభై లక్షల దాకా పోయాయి. వెన్నెముక ఉన్న జంతువులు, ఎండబెట్టిన మొక్కలు వేరే భవనంలో ఉండబట్టి మిగిలాయి. అంతకు రెండేళ్ల ముందు, 2016 ఏప్రిల్‌లో, ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ కూడా ఇలాగే కాలిపోయింది.

ఇంతకీ క్యూరేటర్ అంటే ఎవరు? దేశాన్ని బట్టి జవాబు మారుతుంది. అమెరికా పెద్ద మ్యూజియాల్లో క్యూరేటర్ అంటే ప్రధానంగా పరిశోధకుడు. అడవులకు వెళ్తాడు, పేపర్లు రాస్తాడు, విద్యార్థులకు గైడ్‌గా ఉంటాడు. సొరుగులను రోజూ చూసుకునేది కలెక్షన్ మేనేజర్. లండన్‌లో సేకరణను చూసుకునేవాళ్లనే క్యూరేటర్ అంటారు, పరిశోధకులు వేరే. చిన్న మ్యూజియాల్లో ఈ రెండూ, వీటితోపాటు బడిపిల్లలను తిప్పి చూపించడం, గ్రాంటుకు అర్జీ రాయడం, ఒక్కోసారి తాళాలు వేయడం కూడా ఒక్కరి నెత్తినే పడతాయి.

అలాంటి ఒక్కరే మార్జరీ కోర్టెనే-లాటిమర్. దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ అనే రేవు పట్టణంలో చిన్న మ్యూజియం ఆమెది. 1938 డిసెంబర్ 22న చేపల పడవ వచ్చిందని ఫోన్ వస్తే రేవుకు వెళ్లారు. చేపల కుప్ప కింద ఒకటిన్నర మీటర్ల పొడవున నీలిరంగు చేప, కాళ్లలాంటి ఈతరెక్కలు. ఏమిటో ఆమెకు తెలియలేదు, వదలకూడదని మాత్రం తెలిసింది. టాక్సీ డ్రైవర్‌ను ఒప్పించి మ్యూజియానికి తెచ్చారు. అక్కడ నడివేసవి. శవాగారం వాళ్లు, కోల్డ్ స్టోరేజీ వాళ్లు కూడా కుదరదన్నారు. ఫార్మలిన్‌లో తడిపిన గుడ్డలు, కాగితాలు చుట్టి, చేపల నిపుణుడు జె.ఎల్.బి. స్మిత్‌కు బొమ్మ గీసి ఉత్తరం రాశారు. ఆయన సెలవులో ఉన్నారు. జవాబు రాలేదు, చేప కుళ్లిపోతోంది. చివరికి చర్మం ఒలిపించి నిలబెట్టాలని నిర్ణయించుకున్నారు, లోపలి భాగాలు పోయాయి. స్మిత్ 1939 ఫిబ్రవరిలో వచ్చి చూసి, ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటే అంతరించిందనుకున్న సీలకాంత్ అని నిర్ధారించి, ఆమె పేరు కలిసొచ్చేలా లాటిమేరియా అని పేరు పెట్టారు. లోపలి అవయవాల కోసం రెండో చేప దొరికే దాకా, 1952 వరకు ఆగాల్సి వచ్చింది. ఆ రోజు ఆమె ఇంకేం చేసి ఉండాల్సింది అని ఇప్పుడు వాదించడం తేలిక. ఏది ఉంచాలి, ఏది వదులుకోవాలి అన్న నిర్ణయం టైమ్ చూసుకుని రాదు.

మామూలు రోజుల్లో టెన్షన్ వేరే రకం, అది పురుగులతో. డెర్మెస్టిడ్ అనే చిన్న పెంకు పురుగులు ఎండిన చర్మం, ఈకలు, చచ్చిన కీటకాలను తినేస్తాయి. సొరుగులో నమూనా కింద గోధుమరంగు పొడి రాలిందంటే క్యూరేటర్ గుండె జారుతుంది. తమాషా ఏమిటంటే, ఇదే కుటుంబానికి చెందిన పురుగులను మ్యూజియాలు పనిగట్టుకుని పెంచుతాయి కూడా. ఎముకల మీద మాంసం శుభ్రం చేయడంలో వాటికి సాటి లేదు, సన్నని ఎముక కూడా విరగదు. కాబట్టి ఒక గదిలో వీళ్లు జీతం లేని ఉద్యోగులు, పక్క గదిలో బద్ధశత్రువులు. ఆ రెండు గదులూ ఎప్పుడూ దూరంగా ఉండాలి. కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ, బయటికి వెళ్లి తిరిగొచ్చిన ప్రతిదాన్నీ ముందు మైనస్ 30 డిగ్రీల ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచుతారు. పాతకాలంలో ఈ సదుపాయం లేక చర్మాలకు ఆర్సెనిక్ సబ్బు పూసేవారు, ఎండు మొక్కలకు పాదరసం లవణం, పెట్టెల్లో కలరా ఉండలు. ఆ విషం ఇప్పటికీ వాటిలోనే ఉంది. గ్లవ్స్ వేసుకునేది నమూనాకు చెమట తగలకుండా మాత్రమే అనుకుంటారు, తమ చేతులు కాపాడుకోవడానికి కూడా. ఇక స్పిరిట్ సీసాలు. ఎంత గట్టిగా మూత పెట్టినా ఆల్కహాల్ నెమ్మదిగా ఆవిరవుతుంది, చూస్తూ నింపుతూ ఉండాలి. లండన్‌లో ఇలాంటి సీసాల్లో ఉన్న నమూనాలు 2 కోట్ల పైనే.

ఇంత జాగ్రత్తగా దాచినదాన్ని బయటికి ఇవ్వకపోతే దాచీ లాభం లేదు. అందుకని మ్యూజియాలు ఒకదానికొకటి నమూనాలు అరువిస్తాయి, లైబ్రరీలు పుస్తకాలు పంపుకున్నట్టు. ఎక్కువగా క్షేమంగా తిరిగొస్తాయి. 2017లో పారిస్ మ్యూజియం ఆస్ట్రేలియాకు పంపిన ఎండు మొక్కలు మాత్రం రాలేదు. 18వ శతాబ్దం చివర్లో సేకరించినవి, టైపులు కూడా ఉన్నాయి, మొత్తం 105. కాగితాలు సరిగా లేవని అక్కడి క్వారంటైన్ అధికారులు వాటిని కాల్చేశారు. కస్టమ్స్ ఫారంలో విలువ 2 డాలర్లని రాసి ఉందట. మార్కెట్ ధర లేని వస్తువుకి ఆ గడిలో ఏం రాయాలో నిజంగానే ఎవరికీ తెలియదు.

ఇప్పుడు క్యూరేటర్ టేబుల్ మీదికి ఎక్కువగా వచ్చే అర్జీ ఇంకోటి: డీఎన్ఏ కోసం ఓ ముక్క కోసుకుంటాం. పక్షికైతే సాధారణంగా కాలివేలి అడుగున ఉండే తోలు, బియ్యపు గింజంత. ఒకరికిస్తే ఇబ్బంది లేదు. అరుదైన పక్షికి పదిమంది అడుగుతారు, వేళ్లు ఎన్నుంటాయి? ఇప్పటి పద్ధతి కన్నా తక్కువ ముక్కతో పని జరిగే పద్ధతి పదేళ్లలో రావచ్చు. కాదంటే పరిశోధన ఆగిపోతుంది, అవునంటే తర్వాతివాళ్లకు మిగలదు. ఫార్మలిన్‌లో ఉంచిన పాత చేపల నుంచి డీఎన్ఏ తీయడం చాలా కష్టం. అలా ఉంచినవాళ్లది తప్పు కాదు, అప్పటికి డీఎన్ఏ అన్న ప్రశ్నే లేదు.

ఆ ముందుచూపు ఎవరికీ ఉండదు. అందుకే ‘జాతికి రెండు చాలు’ అనే లెక్క నిలవదు. 1960ల్లో బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగలు గూళ్లలో గుడ్లు పగిలిపోయి తగ్గిపోతుంటే, డెరెక్ రాట్‌క్లిఫ్ మ్యూజియాల్లో, హాబీ సేకరణల్లో ఉన్న పాత గుడ్డుపెంకులను తూచి, కొలిచారు. దశాబ్దాల పాటు ఒకేలా ఉన్న పెంకు 1940ల చివర్లో ఒక్కసారి పల్చబడింది, సరిగ్గా డీడీటీ అనే పురుగుమందు వాడకం మొదలైన కాలం. 1967లో ఆయన పేపర్ వచ్చింది, 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. రెండు గుడ్లతో ఈ సంగతి తేలేది కాదు, ఏడాది ఏడాదికీ గుడ్లు కావాలి. వాటిని పోగుచేసింది గూళ్లు దోచే సరదారాయుళ్లని మర్చిపోకూడదు, వాళ్లకు డీడీటీ గురించి తెలియను కూడా తెలియదు. 2017లో ఇద్దరు చికాగో పరిశోధకులు 135 ఏళ్ల మేర సేకరించిన వెయ్యికి పైగా పక్షి చర్మాలను ఫొటోలు తీసి, పొట్టమీది ఈకలకు పట్టిన మసిని బట్టి అమెరికా పారిశ్రామిక ప్రాంతంలో గాలి ఏ కాలంలో ఎంత నల్లగా ఉండేదో లెక్కకట్టారు. పూర్వం ఎవరైనా క్యూరేటర్ ఆ పక్షులను శుభ్రంగా కడిగి ఉంటే ఆ సమాచారం నీళ్లలో పోయేది.

కొత్త ప్రశ్నల సంగతి అలా ఉంచితే, పాత సొరుగులనే ఇంకా ఎవరూ పూర్తిగా చూడలేదు. కొత్త జాతి నమూనా దొరికిన నాటి నుంచి దానికి పేరు పెట్టే దాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. తర్వాత స్మిత్సోనియన్‌లో క్యూరేటర్ అయిన క్రిస్టఫర్ హెల్గెన్ చికాగో ఫీల్డ్ మ్యూజియంలో సొరుగులు తెరుస్తుండగా ఎర్రటి జుట్టు చర్మాలు కనిపించాయి, పుర్రె తేడాగా ఉంది. పదేళ్ల పని తర్వాత, 2013లో, ఆండీస్ పొగమంచు అడవుల్లో బతికే ఒలింగీటో అనే కొత్త జాతిగా ప్రకటించారు. అంతకు కొన్ని దశాబ్దాల ముందే ఒక బతికున్న ఒలింగీటో అమెరికా జూల చుట్టూ తిరిగింది. జోడీ కట్టించబోతే కలవడం లేదని జూ మార్చి జూకి పంపారు. దానికి చూపించినవన్నీ వేరే జాతివి మరి! సొరుగులు తెరిచి చూసే నిపుణులు తగ్గిపోతున్నారు. రిటైరైనవాళ్ల ఖాళీలు నింపకపోవడం మ్యూజియాలకు తేలికైన పొదుపు, నష్టం పదేళ్ల దాకా కనిపించదు కాబట్టి.

వాదన రెండో వైపు కూడా ఉంది. సేకరణ అంటే చాలాసార్లు చంపడమే. గ్రేట్ ఆక్ అనే ఎగరలేని సముద్రపక్షుల చివరి జంటను 1844లో ఐస్‌లాండ్ దగ్గర సేకరణదారులకు అమ్మడానికే చంపారు. అరుదయ్యేకొద్దీ ధర పెరిగింది, ధర పెరిగేకొద్దీ వేట పెరిగింది. 2015లో సాలమన్ దీవుల్లో అమెరికన్ మ్యూజియం బృందం మీసాల కింగ్‌ఫిషర్ మగపక్షిని మొదటిసారి ఫొటో తీసి, ఆ తర్వాత నమూనా కోసం చంపింది. గగ్గోలు పుట్టింది. అక్కడ ఆ పక్షులు తగినన్ని ఉన్నాయని, ఒక్కటి పోతే ఏమీ కాదని బృందం జవాబు. లెక్క ప్రకారం వాళ్ల మాటలో బలం ఉంది. పెంకుల మందం, ఈకల మసి ఫొటోల్లో కొలవలేం కదా. అయినా ‘మేం ఎప్పుడూ ఇలాగే చేస్తాం’ అన్న ధోరణి వినిపించినప్పుడల్లా, ఇరవై ఏళ్లుగా పేరు లేకుండా పడి ఉన్న సొరుగుల సంగతి ముందు చూడండి అనాలనిపిస్తుంది.

ఎవరిదన్న ప్రశ్న ఇంకా ముదిరింది. పెద్ద సేకరణల్లో చాలాభాగం వలస పాలన కాలంలో ఇతర దేశాల నుంచి పట్టుకెళ్లినవే. ఒక జాతి ఉండేది ఒక దేశంలో, దాని హోలోటైపు ఉండేది యూరప్‌లో. సొంత అడవిలోని కప్పకు పేరు పెట్టాలన్నా వీసా కావాలి. ఏ దేశపు జీవ వనరుల మీద ఆ దేశానికే హక్కని చెప్పే 2010 నాటి నగోయా ఒప్పందం తర్వాత అనుమతి పత్రాలు లేని కొత్త నమూనా తీసుకోవడానికి మంచి మ్యూజియాలు జంకుతున్నాయి. చోటు, తేదీ, పట్టినవాళ్ల పేరు పక్కన పర్మిట్ నంబర్ కూడా రికార్డులోకి ఎక్కింది. 2020లో ఉబిరజారా అనే ఈకల డైనోసార్‌ను ప్రకటించారు. శిలాజం బ్రెజిల్‌ది, ఉన్నది జర్మనీలోని కార్ల్స్‌రూ మ్యూజియంలో. అది దేశం దాటిన తీరు చట్టబద్ధం కాదని బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఆన్‌లైన్‌లో ఉద్యమం నడిపారు. పత్రిక ఆ పేపర్‌ను ఉపసంహరించుకుంది. 2023లో శిలాజం బ్రెజిల్‌కు తిరిగి వెళ్లింది. పేపరే లేకుండా పోయింది కాబట్టి నియమావళి లెక్కలో ఆ పేరు చెల్లలేదు, అధికారికంగా పేరు పెట్టాలంటే ఆ శిలాజాన్ని మళ్లీ మొదటి నుంచి వర్ణించాల్సిందే.